వాన మీద అప్పు, ఎండ మీద అప్పు

అనంతపురం జిల్లాలో అప్పు చేయడమంటే మబ్బు మీద ప్రోనోటు రాయడం. మా నాయన రాశాడు, వాళ్ల నాయన రాశాడు, బడిపంతులు ఉద్యోగం దొరికినాక కూడా పొలం వదల్లేక నేనూ రాశాను. జూన్‌లో మండీకి పోయి విత్తనపు చెనిక్కాయలకు అప్పు తెచ్చేది, విత్తేది, ఇక తల పైకెత్తుకుని కూర్చునేది. కాయ పడితే మండీవాడే తూకం వేసుకుని తన బాకీ పట్టుకుని మిగిలింది మన చేతిలో పెట్టేవాడు. పడకపోతే పాత నోటు చింపేసి, వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయించుకునేవాడు. పై ఏడు చూద్దాంలే అనుకుని ఇంటికొచ్చేది.

ఇప్పుడు మా మనవడు వచ్చి, “తాతా, మిద్దె మీద సోలార్ పెట్టిద్దాం. బ్యాంకోళ్లు అప్పిస్తారు, ఎండే తీరుస్తుంది” అంటాడు.

ఎండ తీరుస్తుందంట! ఈ ఎండ మమ్మల్ని ఏమేం చేసిందో వీడికేం తెలుసు. పడమటి కనుమలు నైరుతి మబ్బును అక్కడే పట్టేసుకుంటాయి. ఈశాన్యం మబ్బు కోస్తా దాటి మా దాకా వచ్చేసరికి ఉత్తచేతులతో వస్తుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు, అదీ లెక్కల పుస్తకంలో. దేశంలో జైసల్మేర్ తర్వాత మీదే అని ఊరికొచ్చిన ప్రతి పెద్దమనిషీ మైకులో చెప్పిపోతాడు, అదేదో బిరుదైనట్టు. బొమ్మనహాళ్ మండలంలో దర్గా హొన్నూరు పోయి చూడండి, ఇసుక దిబ్బలు పొలాల మీదికి జరుగుతుంటాయి. అట్లాంటి సీమలో పుట్టినవాడిని పట్టుకుని ఎండను నమ్మి సంతకం పెట్టమంటే నోటికొచ్చింది తిట్టబుద్ధేస్తుంది. అయినా పంతులుని కదా, లెక్క చేయకుండా తిట్టను. చేసి తిడతాను.

ముందు మా రోజుల సంగతి చెప్పాలి.

మా ఊళ్లో వడ్డీ లెక్క ఎప్పుడూ నెలకే, నూటికే. నూటికి రూపాయి అయితే ధర్మవడ్డీ. అది బంధువులకో, బాగా నమ్మకమైనవాళ్లకో. రెండు రూపాయలు మామూలు. మూడంటే అవసరం ముదిరిందని అర్థం. కరువు సాగితే అయిదుకు కూడా తలూపేవాళ్లు. షావుకారుకు మన తాత తెలుసు, పొలం తెలుసు, మేనత్త పెళ్లికి చేసిన బాకీ ఎంతో, ఎప్పుడు తీరిందో తెలుసు. ఆయన పద్దు పుస్తకంలో లేనిదేదీ మా వంశంలో జరగలేదు. ఇప్పటివాళ్లు దాన్ని దోపిడీ అంటారు. నిజమే, దోపిడీనే. కానీ నీకెందుకు అప్పివ్వనంటున్నాడో ముఖం మీద చెప్పేవాడు. ఇప్పుడు సిబిల్ అని మూడంకెల స్కోరు ఉందంట. ఎప్పుడో మోటారు సైకిలుకు రెండు కంతులు ఆలస్యమైతే అది గుర్తు పెట్టుకుంటుందంట. కరువు వచ్చిందనీ, అందుకే ఆలస్యమైందనీ మాత్రం దానికి గుర్తుండదు.

సర్కారు అప్పులూ ఉండేవి. తాలూకా కచేరీలో తకావి. 1876-78లో ధాత కరువు మనుషుల్ని తుడిచిపెట్టినాక దొరలకు బుద్ధొచ్చి, 1883లో భూమి బాగుచేసుకోవడానికి ఒక చట్టం, 1884లో ఎద్దులకూ విత్తనాలకూ ఒక చట్టం చేశారు. స్వరాజ్యం వచ్చినాక కూడా ఆ తకావులే నడిచాయి. కరణం దగ్గరికి పోయేది, అడంగలు రాయించేది, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా కోడిని దాచిపెట్టేది. అది కాకపోతే భూమి తనఖా బ్యాంకు. బావి తవ్వుకోను మా నాయన అక్కడే అప్పు తెచ్చాడు. కపిలి తోలుకుని నాలుగు మడులు తడుపుకోవచ్చని ఆయన ఆశ. రాయి పడింది. మందు పెట్టి పేల్చారు. మళ్లీ రాయి పడింది. నీళ్లు పడినాయి గానీ, మాఘం దాటితే కపిలి బాన బురదతో పైకొచ్చేది. బావి ఎండింది, అప్పు ఎండలేదు. ఆయన పోయినాక కూడా కొంత మేమే కట్టుకున్నాం.

అందుకే అప్పుకూ ఆకాశానికీ ఉన్న లంకె మా తరానికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. వాన పడితేనే తీరుతుంది. చెనిక్కాయ అప్పు, ఎద్దుల అప్పు, బావి అప్పు, ఆయిల్ ఇంజను అప్పు, బోరు అప్పు, అన్నిటికీ హామీదారు ఒక్కడే, వాడు మూడేళ్లకోసారి ఊరొదిలి పోయేవాడు.

ఇక కరెంటు. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు కళ్యాణదుర్గం నుంచి మా ఊరి దిక్కు స్తంభాలు పాతుకుంటూ వచ్చారు. అంతకుముందు పగలు గవాచి, రాత్రి బుడ్డి. పెండ్లికైతే పెట్రోమాక్స్. స్తంభాలు వచ్చినాక కూడా ఇంట్లో దీపం వెలగాలంటే డిపాజిట్టు, వైరింగు, మీటరు బోర్డు, అన్నీ మన ఖర్చే. ఒక బల్బు పెట్టించుకోను మా నాయన ఒక పొట్టేలు అమ్మాడు. బ్యాంకు అప్పు? బల్బుకు బ్యాంకు అప్పివ్వడమా? మేనేజరు నవ్వేవాడు. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ అని ఢిల్లీలో పెట్టి, కరెంటు బోర్డులకు అప్పులిచ్చి పల్లెలకు తీగలు లాగించారు. తీగ దాకా సర్కారు అప్పు, మీటరు లోపల మన పొట్టేలు. పేదోళ్ల గుడిసెకు ఒక్క దీపం ఉచితంగా పెట్టించే కుటీర జ్యోతి 1988-89లో గానీ రాలేదు. చిత్రమేమంటే, ఇప్పుడు ఈ మిద్దె మీద సోలార్ వ్యవహారాన్ని దేశమంతటికీ నడిపిస్తున్నది కూడా ఆనాటి సంస్థే. పేరు కురచ చేసుకుని ఆర్‌ఈసీ అయింది.

పొలానికి కరెంటు కథ వేరే. 1983లో రామారావు వచ్చి హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయలు కడితే చాలన్నాడు. 2000లో రేట్లు పెంచితే ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో తుపాకులు పేలి మనుషులు చచ్చిపోయారు. 2004 మే 14న రాజశేఖరరెడ్డి ప్రమాణం చేసిన చోటే ఉచిత కరెంటు మీద సంతకం పెట్టాడు. మంచిదే, నేను కాదనను, రైతు ఊపిరి పీల్చుకున్నాడు. కానీ కరెంటు ఊరికే వచ్చింది గానీ నీళ్లు ఊరికే రాలేదు. వందడుగుల్లో ఉన్న నీళ్లు ఆరేడు వందల అడుగులకు పోయాయి. ప్రతి వందడుగులకూ ఒక కొత్త అప్పు. ఒక చేనులో నాలుగు బోర్లు వేసి నాలుగింట్లోనూ దుమ్ము చూసినవాళ్లు మా పక్కన కొల్లలు. ఉచితం అనే మాట వింటే నాకు ముందు ఆ బోరు గుంతలు కళ్లలో మెదులుతాయి.

సబ్సిడీల సంగతి కూడా మాకు కొత్త కాదు. 1980ల్లో గోబర్ గ్యాస్ వచ్చింది. కొంత సబ్సిడీ, కొంత బ్యాంకు అప్పు, గుంత మనం తవ్వుకోవాలి. బాగానే మండింది, రెండేళ్లు. మూడో ఏడు కరువొచ్చింది, మేత లేక గొడ్లు సంతకు పోయాయి. గొడ్లు పోయినాక పేడ ఎక్కడిది, గ్యాస్ ఎక్కడిది? తొట్టి మాత్రం మిగిలింది. మా పెద్దమ్మ వాళ్లింట్లో దాంట్లో వంటచెరకు వేసుకునేవాళ్లు. సమగ్ర గ్రామీణాభివృద్ధి అప్పులని గేదెలిచ్చారు. ఒకే గేదె నాలుగు ఊళ్లలో నలుగురు లబ్ధిదారుల పక్కన నిలబడి ఫొటో దిగిందని అప్పట్లో ఊరూరా చెప్పుకుని నవ్వేవాళ్లు. ఆ గేదెకే ఫొటోల అలవాటు పడిపోయిందనేవాడు మా చిన్నాయన.

ఇంత అనుభవం ఉన్నవాడి దగ్గరికి మా మనవడు ఫోను పట్టుకుని వచ్చాడు.

వాడు చూపించినవి చూపించినట్టే చెప్తాను. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ అని కేంద్రం మొదలుపెట్టింది. 75,021 కోట్ల రూపాయల పథకం, కోటి ఇళ్ల మీద పలకలు, గడువు 2026-27 దాకా. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 చొప్పున సబ్సిడీ, మూడో కిలోవాటుకు 18,000. అంటే మూడుకు 78,000. ఆపైన ఎంత పెద్దది పెట్టినా అంతే. మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు రెండు కిలోవాట్లు ఉచితమన్నారు. బీసీలకు కేంద్రం ఇచ్చేదాని మీద రాష్ట్రం ఇంకో 20,000 కలుపుతానంది. కిలోవాటుకు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు, నెలకు 120. కిలోవాటుకు వంద చదరపుటడుగుల మిద్దె కావాలి. 2025 సెప్టెంబరులో జీఎస్టీ కూడా 12 నుంచి 5 శాతానికి దించారు. ఇవన్నీ నిజమే. నేనూ కళ్లద్దాలు పెట్టుకుని చదివాను.

“మరి డబ్బు?” అన్నాను.

“మొదట మనం పెట్టాలి తాతా. పలకలు పెట్టి, నెట్ మీటరు బిగించి, కరెంటోళ్లు చూసిపోయినాక సబ్సిడీ మన ఖాతాలో పడుతుంది.”

ఇదీ అసలు కీలకం. మా రోజుల్లో సబ్సిడీ ముందే తగ్గించి మిగతా అప్పు రాసేవాళ్లు. గేదె అప్పులో అదే మోసానికి దారి అయిందనుకోండి, అది వేరే మాట. ఇప్పుడు ముందు నీ చేత్తో మొత్తం కట్టు, తర్వాత వెనక్కి తీసుకో. చేతిలో లేనివాడు ఏం చేయాలి? అందుకే బ్యాంకు. మూడు కిలోవాట్ల దాకా ఏ తాకట్టూ లేకుండా రెండు లక్షల లోపు అప్పు. మనం నూటికి పది పెట్టుకుంటే తొంభై వాళ్లిస్తారు. పదేళ్లలో తీర్చుకోవచ్చు. వడ్డీ రిజర్వు బ్యాంకు రెపో రేటు మీద అర శాతం. పథకం వచ్చిన కొత్తలో ఏడు శాతం దాకా ఉండింది, రెపో తగ్గినాక ఆరు దగ్గరికి దిగింది. నేను దాన్ని నా లెక్కలోకి మార్చుకున్నాను. ఏడాదికి ఆరంటే నెలకు నూటికి అర్ధ రూపాయి.

అర్ధ రూపాయి వడ్డీ! ధర్మవడ్డీలో సగం. తాకట్టు లేకుండా. మా నాయన వింటే ఎవడో తాగొచ్చి చెప్పాడనుకుని లోపలికి పోయేవాడు. నాకు ఒళ్లు మండింది. మేము ఎద్దులకూ విత్తనాలకూ మూడు రూపాయలు కడుతూ చచ్చినప్పుడు ఏమైపోయింది ఈ అర్ధ రూపాయి?

ఆ బ్యాంకుల పేర్లు కూడా నాకు తికమకే. నేను మొదట ఖాతా తెరిచింది శ్రీ అనంత గ్రామీణ బ్యాంకులో. అది 2006లో ఆంధ్రా ప్రగతి గ్రామీణ బ్యాంకు అయింది, 2025లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. సిండికేట్ బ్యాంకు కెనరాలో, ఆంధ్రాబ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయాయి. బోర్డులు మారుతున్నాయి, గుమాస్తాలు మారుతున్నారు. మీ పాత పాసుబుక్కు చెల్లదంటారు గానీ పాత బాకీ మాత్రం చెల్లుతుంది.

బ్యాంకు కాకుండా వేరే దారులు లేవా అంటే ఉన్నాయి. కొందరు ఇంట్లో ఆడవాళ్ల డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుంటున్నారు. కొందరు చీటీ పాడుకుంటున్నారు. కొందరు బంగారం కుదువ పెడుతున్నారు, సబ్సిడీ పడగానే విడిపించుకుంటామని. ఆ చివరిది మటుకు నాకు నచ్చదు. సబ్సిడీ వచ్చేలోపల ఇంట్లో పెండ్లి వస్తుంది, లేకపోతే బోరు చెడిపోతుంది, గాజులు అక్కడే ఉండిపోతాయి. ఇంకోటి కూడా చెప్పారు: ఒక కంపెనీ తన డబ్బుతో మన మిద్దె మీద పలకలు పెట్టి, మనం వాడిన యూనిట్‌కు ఇంతని వసూలు చేసుకుంటుందంట. పెట్టుబడి లేదు, నిజమే. కానీ నా మిద్దె మీద ఎవడివో సామాన్లు ఏళ్ల తరబడి పెట్టుకుని, వాన కారితే ఎవణ్ని అడగాలో తెలియక నేను తిరగడం, ఈ వయసులో ఆ పని నాకొద్దు. అమెరికాలో ఉండే మా తమ్ముడి కూతురు చెప్పింది, అక్కడ ఖర్చులో 30 శాతం పన్నులో తగ్గించేవాళ్లంట, 2025 డిసెంబరు 31తో అదీ ఆపేశారంట. డాలర్ల దేశంలో కూడా సర్కారు చేయి చాచినట్టే చాచి వెనక్కి లాక్కుంటుందని విని నా కడుపు కొంచెం చల్లబడింది.

ఇప్పుడు లెక్క. పలకలమ్మే కుర్రవాడు వచ్చాడు, ఇస్త్రీ చొక్కా, చేతిలో ట్యాబ్. “మూడు కిలోవాట్లు పెట్టించుకోండి సార్, ఫుల్ సబ్సిడీ వస్తుంది” అన్నాడు. ధర రెండు లక్షలకు కొంచెం తక్కువ. సర్కారు లెక్కలో మాత్రం మొదటి రెండు కిలోవాట్ల ధర ఒక్కోటి 50,000, మూడోది 45,000. ఆ 50,000లో నూటికి అరవై, ఆ 45,000లో నూటికి నలభై, అట్లా పుట్టింది ఈ 78,000. బజారు ధర దానికన్నా ఎంత ఎక్కువుంటే అంతా మన నెత్తినే. ఇది ఆ కుర్రవాడికి తెలిసినట్టు లేదు, తెలిసినా చెప్పలేదు.

నేను కరెంటు బిల్లు ముందేసుకున్నాను. కోడలు ఏసీ పెట్టించినప్పటి నుంచి మాకు నెలకు 300 యూనిట్ల దాకా కాలుతోంది. 2022లో వచ్చిన స్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లు ఒక్కోటి 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75. మొత్తం వేస్తే 1,673 రూపాయలు. ఆపైన స్థిర ఛార్జీ, సుంకం, ఇంధన సర్దుబాటు అని ఏడాది కిందట వాడినదానికి ఇప్పుడు వేసే వాతలు వేరే.

ఇప్పుడు చూడండి తమాషా. సోలార్ వచ్చినప్పుడు తగ్గేది పై మెట్టు నుంచి. మొదటి కిలోవాటు 120 యూనిట్లు తీసేస్తుంది. అందులో 75 యూనిట్లు 8.75వి, 45 ఆరు రూపాయలవి. నెలకు 926 రూపాయలు మిగులు. రెండో కిలోవాటు తీసేది ఆరు రూపాయల యూనిట్లూ, నాలుగున్నరవీ, కొన్ని మూడు రూపాయలవీ. మిగులు 600. మూడోది వచ్చేసరికి మిగిలినవే 60 యూనిట్లు, అవీ కింది మెట్లవి. మిగులు 147 రూపాయలు! సబ్సిడీ కూడా మూడోదానికే తక్కువ. ఎక్కువ సబ్సిడీ వస్తుందని నెలకు 147 రూపాయల కోసం ఇంకో అరవై వేలు పెట్టమంటాడు ఆ ఇస్త్రీ చొక్కా. ఎనిమిదో తరగతి పిల్లవాడు కట్టాల్సిన లెక్క ఇది. నేను పలక మీద సుద్దముక్కతో కట్టి చూపించాను. కుర్రవాడు ట్యాబ్ మూసేశాడు.

రెండు కిలోవాట్లయితే సుమారు లక్షా ముప్పై, లక్షా నలభై అవుతుంది. 60,000 వెనక్కొస్తే మన మీద పడేది 75,000 అనుకుందాం. అర్ధ రూపాయి వడ్డీకి పదేళ్లకు నెలకు సుమారు 830 కంతు. మిగిలేది 1,526. అంటే మొదటి నెల నుంచే కంతు కట్టినాక కూడా ఏడొందలు చేతిలో. తిడదామని కూర్చున్నవాడికి ఇట్లాంటి లెక్క తేలితే ఎంత విసుగ్గా ఉంటుందో మీకు తెలియదు.

అయితే షరతు ఒకటుంది. సబ్సిడీ పడగానే అది అప్పులో జమ కావాలి. మొత్తానికి కంతు కడుతూ 60,000 పెట్టి ఇంకేదో కొంటే కంతు పద్నాలుగొందల దగ్గరికి పోతుంది. మిగులంతా దాంట్లోనే హరీ. మా వాడి కన్ను ఇప్పటికే ఒక పెద్ద ఫ్రిజ్ మీద ఉంది.

ఇంకో సంగతి చెప్పకపోతే పాపం. ఈ లెక్క 300 యూనిట్లు కాల్చే ఇంటికి. మా పాత ఇంట్లో అద్దెకుండే కుటుంబం నెలకు 70 యూనిట్లు కాలుస్తుంది. రెండు ఫ్యాన్లు, టీవీ, మూడు బల్బులు. వాళ్లకు యూనిట్ల ఖరీదు 177 రూపాయలు. వాళ్లు అప్పు చేసి సోలార్ పెడితే మిగులు కన్నా కంతే ఎక్కువ. బిల్లు పెద్దదైనవాడికి లాభం పెద్దది, చిన్నవాడికి ఎస్సీ, ఎస్టీ పథకంలో ఉచితంగా వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. పైగా అది పాత చౌడు మిద్దె. దూలాల మీద కట్టె పరిచి మట్టి కొట్టింది. వానకే బెదిరే ఆ మిద్దె మీద ఇనుప చట్రాలు ఎక్కించమంటే ఎక్కించేవాడు కూడా భయపడతాడు. అపార్టుమెంట్లలో మిద్దె ఎవరిదో తేలదు, అద్దెకుండేవాడికి మిద్దే లేదు. కోటి ఇళ్లంటే ఎవరి ఇళ్లో ఆలోచించుకోండి.

కరెంటు పోతే మాత్రం మనకేం దిగుల్లేదు కదరా, మన కరెంటు మనకుంటుంది కదా అన్నాను. లేదంట! లైను పోతే సోలార్ కూడా ఆగిపోతుందంట. తీగ మీద పనిచేసే లైన్‌మన్‌కు షాకు కొట్టకుండా అట్లా చేశారంట. బ్యాటరీ పెట్టుకుంటే వేరే, దానికి ఖర్చు వేరే. లైన్‌మన్ బతకాలి, ఒప్పుకుంటా. కానీ మే నెల మిట్టమధ్యాహ్నం, మిద్దె మీద రెండు కిలోవాట్లు పెట్టుకుని, దాని కింద కూర్చుని తాటాకు విసనకర్రతో విసురుకునే రోజు వస్తుందని మా అవ్వకు చెప్పి ఉంటే నవ్వి నవ్వి పడిపోయేది.

ఇంకో ముచ్చట. ఎండ ఎంత కాస్తే అంత కరెంటు అనుకుంటారు. కాదు. పలకకు కావలసింది వెలుగు, వేడి కాదు. పలక వేడి 25 డిగ్రీలు దాటితే ఒక్కో డిగ్రీకి వెయ్యికి మూడు నాలుగు పాళ్లు దిగుబడి తగ్గుతుంది. మా ఎండల్లో పలక 65కు కాగిందనుకోండి, నూటికి పన్నెండు నుంచి పదహారు పాళ్లు పోయినట్టే. పైగా దుమ్ము. ఆషాఢం గాలికి మా ఊళ్లో అన్నంలోనే మన్ను పడుతుంది, మిద్దె మీద పలక మీద పడదా? వారానికోసారి కడగాలంట. నీళ్లతో! బిందె నీళ్ల కోసం ట్యాంకరు వెనక పరుగెత్తిన ఊళ్లో కరెంటు కోసం పలకలకు స్నానం చేయించాలి. గుడ్డ తడిపి తుడిస్తే చాలంటాడు వాడు. ఎవరు తుడుస్తారు, నేను ఎక్కలేను, వాడు లేవలేడు.

జిల్లా విడిపోకముందు మా జిల్లాలోనే ఉన్న నంబులపూలకుంటలో, ఇప్పుడది శ్రీసత్యసాయి జిల్లా, పెద్ద సోలార్ పార్కు ఉంది. ఎన్‌టీపీసీ 2016లో అక్కడ 250 మెగావాట్లు పెట్టింది. తాడిపత్రి పక్క తలారిచెరువులో ఇంకోటి. కదిరి దిక్కు బస్సులో పోతూ చూశాను, ఒకప్పుడు గొర్రెలు మేసిన గుట్టల మీద కనుచూపు మేర నల్లటి పలకలు. ఆ 250 మెగావాట్లంటే మూడు కిలోవాట్ల ఇళ్లు 83,000 పైచిలుకు. వాటికి అప్పు ఎవరిచ్చారు, ఎట్లా ఇచ్చారు అని ఊళ్లో ఎవరూ అడగలేదు. మన మిద్దె మీద నాలుగు పలకలకు మాత్రం బ్యాంకు మేనేజరు మూడు తరాల కాగితాలు అడుగుతాడు. కొనేవాడు పెద్దవాడైతే కాగితం చిన్నది, ఇది మా రోజుల నుంచీ మారని ఒకే ఒక్క సంగతి.

అయినా నన్ను గెలికింది వడ్డీ కాదు, సబ్సిడీ కాదు. ఈ జిల్లాలో నేను చూసిన అప్పులన్నీ వాన పడితే తీరేవి. ఇది వాన పడకపోతే తీరే అప్పు. మబ్బు పట్టిన రోజు కంతుకు దెబ్బ, కరువు ఏడాది కంతుకు పండగ. చెనిక్కాయలు ఎండిపోతుంటే మిద్దె మీద యూనిట్లు పండుతాయి. కింద పొలం అప్పు, పైన మిద్దె అప్పు, రెండూ ఒకే ఇంట్లో, ఒకే పాసుబుక్కులో. జూలైలో నేను ఏ దేవుడికి ఏమని మొక్కాలి? మబ్బు రావాలనా, రాకూడదనా? మా మనవడిని అడిగితే, “రెండూ ఇన్సూరెన్స్ లాంటివే తాతా, ఒకటి పోతే ఇంకోటి” అన్నాడు. ఎంబీఏ చదివాడు లెండి.

చివరికి రెండు కిలోవాట్లకు ఒప్పుకున్నాను. మూడోది వద్దని రాయించుకున్నాను. సబ్సిడీ పడితే నేరుగా అప్పు ఖాతాలో వేయాలని కోడలి ఎదుట మాట తీసుకున్నాను. అంతా అయింది, ఫోనులో దరఖాస్తు పెట్టబోతే సర్వీసు నంబరు కొట్టగానే పేరు వచ్చింది, మా నాయనది. మీటరు ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది. మా రోజుల్లో మీటరు ఎవరి పేరు మీదుంటే ఏం, బిల్లు కడితే వెలిగేది. ఇప్పుడు సర్వీసు పేరూ, ఆధారూ, బ్యాంకు ఖాతా పేరూ ఒకటే కావాలి. పేరు మార్చాలంటే ఆయన మరణ ధ్రువీకరణ పత్రం, వారసుల పత్రం, ఇంటి పన్ను రసీదు కావాలంట. ఆయన పోయింది కరణాలు, మునసబులు ఉన్న కాలంలో. చావు పుట్టుకలు మునసబు పుస్తకంలో రాసేవాడు. 1984లో ఆ ఉద్యోగాలు ఎత్తేశారు, పుస్తకం ఎవరి అటక మీద ఉందో తెలియదు. మా నాయన చచ్చిపోయాడని ఊరంతా చెప్తుంది, కాగితమే చెప్పడం లేదు. సోమవారం తహసీల్దారు ఆఫీసుకు పోవాలి. మనవడు బండి మీద తీసుకుపోతానన్నాడు. ఎండలో పోదాం, పొద్దున్నే అయితే వాళ్లు రారు.